అర హెచ్‌పీ

చిన్నోడు పుట్టిన యేడు రాణీగంజ్ పోయి
అర హెచ్‌పీ మోటరు తెచ్చుకున్నాం.
పచ్చరంగుది. ఆర్నెల్ల వారంటీ.
ప్లంబర్ యాదగిరి
"నల్లాకు డైరెక్టుగా పెట్టొద్దు మేడమ్" అంటూనే
డైరెక్టుగా పెట్టి
మూడొందలు ఎక్కువ తీసుకున్నాడు.

బౌద్ధనగర్‌లో నీళ్లు రోజు విడిచి రోజు,
తెల్లారగట్ల నాలుగున్నరకు, గంటసేపు.
మా గల్లీ కింద. దాని చివర మెట్లు.
మెట్ల పైన ఇంకో గల్లీ ఉందని తెలుసు,
అంతే తెలుసు.
స్విచ్ వేసి మళ్లీ పడుకునేదాన్ని.
ట్యాంకు నిండి పొర్లితే
ఆ నీళ్లతో స్కూటీ కడిగేవాళ్లం.

ఇడ్లీబండి కిష్టవ్వ మెట్లు దిగేసరికి
ఏడు దాటేది, ఏడున్నర దాటేది,
ఒక్కోనాడు రానేరాకపోయేది.
"నీకు బేరం చేతకాదు కిష్టవ్వా" అన్నాను
చట్నీ ఇంకో గరిటె వేయించుకుంటూ.
నవ్వింది. "నీళ్లు రాలేదమ్మా" అంది.
ఎండాకాలం కదా, అనుకున్నాను.
అది కార్తీకం.

మొన్న ట్రాన్స్‌ఫార్మర్ పేలింది.
చీకట్లో స్విచ్ వేశాను, తీశాను, వేశాను.
మోటరు మూలగలేదు.
అప్పుడు వినిపించింది, పైనుంచి.
ముందు ఏదో నల్లా దగ్గినట్టు, గాలి కక్కినట్టు.
తర్వాత ఖాళీ బిందె అడుగున
మొదటి ధార.
"అమ్మీ, పానీ ఆరా! పానీ ఆరా!"
ఎవరిదో పసిగొంతు.
తలుపులు. చెప్పులు. డ్రమ్ము ఈడ్చిన చప్పుడు.
ఇడ్లీ రేకులు కడగమని
కోడల్ని కేకేస్తున్న కిష్టవ్వ.
వినేవాళ్లు పండగనుకుంటారు.

చిన్నోడిప్పుడు ఒకటో తరగతి.
ఇన్నేళ్లూ నేను నిద్రపోయిన గంట అది.

మా నల్లాలోనూ నీళ్లొచ్చాయి,
చిటికెనవేలంత.
బకెట్ పెట్టి పక్కన కూర్చున్నాను.
నిండడానికి పదకొండు నిమిషాలు.
నిండింది, అయినా.

ఐదుంబావుకు కరెంటొచ్చింది.
తీయడం మరిచిన స్విచ్.
మోటరు దానంతటదే గుర్రుమంది.
పైన ధార సన్నబడి, తెగి,
ఆగింది.
ఎవరూ తిట్టలేదు.
"పోయినయ్" అన్నారెవరో
వాన వెలిసిందన్నట్టు,
మామూలుగా.

స్విచ్ దాకా నాలుగడుగులు.
ఆ నాలుగడుగులు నడిచేలోపు
ఎన్ని బిందెలు తాగానో.