షేడు

పాలవాడు రాకముందే
సంచి ఒంపుదామని మంచం కింద చెయ్యి పెట్టాను.
ఊదా.
లైటు వేసి మళ్ళీ చూశాను.
గొట్టంలో పసుపే, రోజూ ఉండే పసుపే.
సంచిలోకి దిగేసరికి
ఎవరో సిరాబుడ్డి తిరగేసినట్టు.

దొడ్లో ఒంపేశాను.
ఒంటేలు పోయింది గాని రంగు పోలేదు.
ప్లాస్టిక్కుకి పట్టేసింది.

పక్కవాటా మస్తానమ్మ తొంగిచూసి
"ఎవరన్నా ఏమన్నా పెట్టారేమో వదినా" అంది.
పెట్టింది నేనే.
మెత్తటన్నంలో పెసరపప్పు, చారెడు పెరుగు.
నాలుగురోజులుగా విరేచనం కాలేదని
ఆవిడకి చెప్పలేదు.

వస్త్రలతలో ముప్పైఆరేళ్ళు తాన్లు విప్పిన మనిషి.
పక్షవాతమొచ్చి కుడిచేతినీ మాటనీ
ఒకే మూట కట్టి పట్టుకుపోయింది.

ఆటోలో సంచి నా ఒళ్ళో, పైన తువ్వాలు.
బెంజి సర్కిల్ దగ్గర ఆగినప్పుడు తువ్వాలు జారింది.
పక్కబండి మీద పిల్ల
వాళ్ళమ్మని గిల్లి చూపించింది.

ఆసుపత్రిలో కుర్రడాక్టరు
కంగారుపడతాడనుకుంటే మురిసిపోయాడు.
పుస్తకంలో చదవడమేనట, చూడ్డం ఇదే మొదలట.
తిన్నదాంట్లో ఏదో పేగుల్లో నిలవుండిపోయి,
కాలేయం దాటొచ్చి,
గొట్టంలో కాపురం పెట్టిన క్రిముల చేతిలో పడి
కొంత నీలం, కొంత ఎరుపు అవుతుందట.
"నీలిమందేనమ్మా. బట్టలకద్దుతారే, అదే.
భయం లేదు. గొట్టం మారుస్తాం, మందులిస్తాం,
ఈ వంకాయరంగు పోతుంది."

మంచం మీంచి ఏదో శబ్దం.
తుప్పుపట్టిన షట్టరు
జానెడు లేచి ఆగినట్టు.
"నే... రే... డు."

గ్లౌజులు తొడుక్కుంటున్న సిస్టరు అలాగే నిలబడిపోయింది.
నాకు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది.
పద్నాలుగు నెలల్లో దాహమనలేదు, నొప్పనలేదు,
చంద్రా అని ఒక్కసారి పిలవలేదు.
షేడు తప్పు చెబితే మాత్రం
ఊరుకోలేకపోయాడు!

పాతసంచి ఎర్రడబ్బాలో పడేస్తుంటే
ఆయన చూపు దాని వెంటే వెళ్ళింది.
"ఉతికి చూడండమ్మా,
రంగు వెలిస్తే డబ్బు వాపస్."
కొట్లో రోజుకి నూరుసార్లు అనేవాడు.

మూడోరోజుకి కొత్తసంచిలో ఉత్త పసుపు.
డాక్టరు ఫోన్లో మంచిదన్నాడు.
మంచిదే.

సాయంత్రం మెంతిరంగు చీర కట్టుకుని
మంచం పక్కన కూర్చున్నాను.
కొంగు ఆయన ముఖం ముందు పట్టుకుని
"ఇది పసుపేగా?" అన్నాను.

ఎడమ కనుబొమ్మ
కొంచెం ముడిపడింది.
కొంగు దించలేదు నేను.