రాత్రి డ్యూటీ అప్పగింత

ఏసుపాదం, కుర్చీ ఇటు జరుపుకో.
తెల్లారేదాకా నేను పడుకుని పదకొండు నెలలైంది.
ఎక్కడికీ పోవట్లేదులే, పక్క గదిలోనే.

ఉత్త మంచినీళ్ళు పట్టకు.
పొడి కలిపి ఉంచాను, రాగిజావంత చిక్కన.
చెంచాడు పోసి, గడ్డం గుండెకి ఆనేలా తల వంచి,
గుటక పడిందో లేదో గొంతుమీద వేలుపెట్టి చూడు.
"ఒక తలుపు మూసుకున్నాకే రెండోది తియ్యాలి."
ఆ మాట నాకు చెప్పింది డాక్టరు కాదు, మీ అన్నే,
నాలిక ముద్దగానైనా తిరుగుతున్న రోజుల్లో.
ముప్పై ఏళ్ళు లాకుల దగ్గర లస్కరు కదా,
పడవల్ని అలాగే దింపేవాడు.

ముంజెలు అడుగుతాడు. జారతాయి, పెట్టకు.
మొన్న నేను పెదాలకి నీరు రాశాను,
అది నీకు చెప్పకూడదు.

పన్నెండింటికి పిక్క పట్టేస్తుంది.
పాదం పైకి వంచి ముప్పై లెక్కపెట్టు.
వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి చాపు.
"బలం రాదండీ, బిగుసుకోకుండా, అంతే" అంది ఫిజియో పిల్ల.
ఆ అంతే కోసమే పొద్దునా సాయంత్రం
ఇద్దరం చెమటలు కక్కుతాం.

ఏడిస్తే బెదిరిపోకు. నవ్వినా మురిసిపోకు.
రెండూ వాటంతటవే వచ్చేస్తాయి, ఈ రోగంలో.
నిజంగా ఏడ్చేటప్పుడు గోడవైపు చూస్తాడు.

కరెంటు పోతే ఇన్వర్టరు మూడు గంటలు లాగుతుంది.
లైన్‌మన్ నంబరు గోడమీద బొగ్గుతో రాసుంది.

ఇదిగో అక్షరాల అట్ట.
ముందు వరసలు చదువు, క, చ, ట, త, ప, య.
రెప్ప వేసినచోట ఆగి, అక్షరం పట్టుకో.
గుడులూ కొమ్ములూ ఒత్తులూ మానేశాడు, అలిసిపోతున్నాడు.
మనమే తగిలించుకోవాలి.
నిన్న న అన్నాడు, ళ అన్నాడు.
నీళ్ళనుకుని చెంచా తెచ్చాను. కాదన్నాడు.
నాలుగుసార్లు తెచ్చాను.
మళ్ళీ మొదట్నించీ. క. ల. వ.
కాలవకి నీళ్ళొదిలారా అని, ఏసుపాదం!
ఎండాకాలమంతా కట్టేసిన కాలవకి.

ఈ రాత్రికి బ్యారేజీ నుంచి దిగుతాయంటున్నారు.
లాకు తలుపుల కింద చప్పుడైతే
నన్ను లేపకు.
ఆయన్ని లేపు.
గాలి మిషను హోరులో వినపడదు,
మాస్కు పట్టీ ముందు ఎడంవైపు విప్పాలి.
కిటికీ గడియ తుప్పుపట్టింది, గట్టిగా లాగు.
రెండు నిమిషాలు, అంతే.