బోర్డు మార్పు

రాణీగంజ్ సందు మలుపులో
నిచ్చెనెక్కి మొహియుద్దీన్ భాయ్
నా పాత బోర్డు గీకుతున్నాడు.
మెరుపు గుర్తు పోయింది, గులాబీ పోయింది,
'అన్ని రకముల' కూడా పోయింది.
"ఇగ ఏం మిగుల్తది మేడం?"
"పేరు. మోటార్ వైండింగ్. చాలు."

కింద నేను
రెండొందల పేజీల నోటుబుక్కు తెరిచాను.
పదకొండేళ్లుగా వేళ్లకే తెలిసిన లెక్క:
ఏ గేజి తీగ, ఎన్ని చుట్లు,
వార్నిష్ ఏ వాసనేస్తే స్విచ్చి కట్టెయ్యాలి.

మొదటి వాక్యం నాలుగుసార్లు కొట్టేశాక
ఇలా కుదిరింది:
"కూకట్‌పల్లి ఆయన మోటారు
మూడుసార్లు చుట్టాను, మూడుసార్లూ కాల్చాను.
తప్పు తీగది కాదు."

పైనుంచి తెల్లరంగు చుక్క
పేజీ మీద పడింది.
తుడవలేదు.
దాని చుట్టూ
రాసుకుంటూ పోయాను.