హిసాబు

జుమ్మా నాడు మెస్సు హాల్ల బెంచీలన్నీ గోడకు జరిపిన్రు.
పప్పు మరకల గోడ మీద తెల్లబట్ట కట్టి
ఒక బొమ్మ ఏసిన్రు: కిందికెల్లి మీదికి పోయే గీత.
టై కట్టిన పిలగాడు హిందీల చెప్పిండు:
"ఇగ మీ హిసాబు కంపెనీ దగ్గర ఉండది.
నెలనెలా ఫండుల పడ్తది, పెరుగుతది."
గీత కొసకు ఏలు పెట్టి చూపిండు.
ఎనుక ఎవలో అడిగిన్రు, "గీత కింద పడ్తే?"
పిలగాడు నవ్విండు. బొమ్మ మార్చిండు.

నేను టైంకీపర్ని.
సజ్జా క్యాంపుల నాలుగు వందల మంది హాజరు రాసేటోన్ని.
అందుకే పొద్దుమీకంగ నా రూము ముంగట లైను కట్టిన్రు.
అందరి చేతుల్ల ఫోన్లు,
దవాఖాన్ల రిపోర్టులు పట్టుకున్నట్టు.

హనీఫు వయసు యాప్‌ల ముప్పై తొమ్మిది.
ఏజెంటు ఎన్నడో పాస్‌పోర్టుల ఐదేండ్లు మింగిండు.
"నా మోకాళ్ళకు నలభై నాలుగు సార్,
ఫండు ఎవల మాట నమ్ముతది?"

నేపాలీ తిల్‌బహదూర్ నంబరు
మూడు నెల్ల కింద కాంక్రీటు మిక్సర్ల పడ్డది.
ఓటీపీ దానికే పోతుంది,
ఏదో ఓ బిల్డింగు మూడో అంతస్తు పిల్లర్లకు.

ఎడ్ల పోశాలు, షట్టరింగు, పందొమ్మిదేండ్లు:
"మరి ఎన్కటి పందొమ్మిది ఎటు పాయె?"
"గవి కంపెనీ దగ్గర్నే ఉంటయట. ఇప్పటిసంది కొత్తది."
"అంటే నన్ను నడుమకు కోసిన్రా?"
కాగితం మల్లోపారి సదివిన.
దాంట్ల గా ప్రశ్నకు జాగ లేదు.

కుంజిమోను గూడ దుకాణం యేసి అచ్చిండు,
బాకీల పుస్తకం సంకల పెట్టుకొని.
పోశాలు ఊర్ల రెండు బోర్లు ఏసింది గా పుస్తకం మీదనే,
రెండిట్లా దుమ్మే లేసింది.
ఇన్నేండ్లు జామీను ఒక్కటే మాట: హిసాబు రాంగనే ఇస్త.
"మీ పైసలు గీతల ఉంటే
నేను బియ్యం గీతకు జోకాల్నా?"

ఎన్కటి పద్ధతి బంగారమని నేను అనను.
ముసఫ్ఫాల మా పాత కంపెనీ తాళం ఏసిన యాడాది
దుర్గం ఎల్లయ్య యాభై రెండు రోజులు గేటు ముంగట పండిండు.
హిసాబు అడిగితే వాచ్‌మెన్ నీళ్ళిచ్చిండు.
పాపం, ఆయనకూ జీతం లేదు.
గందుకే పోశాలుకు నేను "వద్దు" అనలే,
"మంచిదే" అని గూడ అనలే.
ఫారం నింపుడు సురువు చేసిన.

అడుగున ఒక డబ్బ:
మీరు సచ్చిపోతే పైసలు ఎవలకు?
పోశాలు నవ్విండు.
"బతికి పోతే ఎవలకో రాయలేదా?"
ఇడిసిపెడ్దమంటే యాప్ ముందటికి కదల్తలేదు.
భార్య పేరు అడిగిన.
"ఆధార్ల రాజేశ్వరి, బ్యాంకుల రాజవ్వ,
నేను పిలిచేది 'ఓయ్' అని."
ఏది రాయాల్నో తెల్వక ఇంటికి ఫోను కలిపిండు.

"ఓయ్, నీ అసలు పేరేంది?"
అవుతల చాన సేపు సప్పుడు లేదు.
"నీకేమన్న అయ్యిందా? నిజం చెప్పు."
"ఏం గాలే. హిసాబుకు అడుగుతున్రు."

హిసాబు అంటే ఆమెకు తెలిసిన అర్థం ఒక్కటే.

"అయితే," అన్నది, గొంతు ఒక్కపారి తేటగై,
"అస్తున్నవా మరి?"

పోశాలు నా దిక్కు చూసిండు.
నేను ఫోను దిక్కు చూసిన. అండ్ల చిన్న సున్న
గిర్రున తిరుగుతనే ఉంది.

గా రాత్రి రేపటి హాజరు పట్టీ తీసి
షట్టరింగు వరసల, ఏడో పేరు పక్కన
అడగకముందే టిక్కు పెట్టిన.