తిరిగొచ్చిన డబ్బాలు

సొహార్ రేవుకు ఇవతల, ఇసుక రంగు షెడ్డులో
రోజుకు పదకొండు వేల మందికి వంట.
ఎంత బియ్యం పోయాలో, ఎన్ని నీళ్ళు పట్టాలో
ఇన్నాళ్ళూ భూమయ్య చూపుడువేలే చెప్పేది.
ఎసట్లో ముంచి, రెండో కణుపు దగ్గర ఆపి
"అందాజ" అనేవాడు.
ఆ మాటకు నా షీటులో గడి లేదు.

నన్ను తెచ్చుకున్నది అందుకే.
"ఇకమీదట అంకె చెప్పిందే మాట"
అన్నాడు హిలాల్ సార్,
ఖావా కప్పు అటూ ఇటూ ఊపి, ఇక చాలన్నట్టు.

మొదటి పని తూకం.
వెనక్కొచ్చిన ప్రతి డబ్బా మూత తీసి
మిగిలింది కాటా మీద పెట్టడం.
నలభై రోజులు నా చేతులకు అదే వాసన.
భూమయ్య గంటె ఆపి చూశాడు.
"ఎంగిలి జోకెతందుకా గింత సదువు, బిడ్డా?"
నవ్వలేదు.

ఆగస్టులో తెరమీద గీత లేచింది,
ఎర్రగా, నిటారుగా.
పగటి అన్నంలో మూడోవంతు వెనక్కి.
మీటింగులో అందరూ ఒకేసారి ముందుకు వంగారు.
ఎక్కువ పెడుతున్నాం, తగ్గిద్దాం,
మనిషికి ఎనభై గ్రాములు.
ఏడాదికి ఎన్ని రియాళ్ళు మిగులుతాయో
ఎవరో అప్పటికే ఫోన్లో కొట్టేశారు.
గీత గీసింది నేనే.
దానికి ముక్కు పెట్టడం మరిచిపోయాను.

మర్నాడు డబ్బాల బండెక్కాను.
మూడింటికి కట్టిన అన్నం
నాలుగున్నరకు క్యాంపు గేటు దగ్గర,
ఐదుకు బస్సు సీట్ల కింద,
ఆపైన పైపుల యార్డులో
రేకు నీడ జరుగుతుంటే దాని వెనకే జరుగుతూ.
పన్నెండున్నరకు వెల్డర్ రాజలింగు మూత తీశాడు.
వాసన చూశాడు. మూత పెట్టాడు.
బిస్కెట్ పొట్లం చింపి
నాకూ ఒకటి ఇచ్చాడు.
"పాసిపోయింది మేడం. ఎండకాలమంత గిదే."
చెప్పలేదా ఎవరికీ?
"ఎవలకు? అడిగినోడు ఎవడున్నడు?"

షీటులో సగటు మనిషి
రెండొంతులు తిని ఒక వంతు వదిలాడు.
యార్డంతా వెతికినా ఆ మనిషి లేడు.
తిన్నవాడు మొత్తం తిన్నాడు,
పారేసినవాడు మొత్తం పారేశాడు.

రెండు గడులు కలిపాను:
కట్టిన వేళ, తెరిచిన వేళ.
ఒక్క క్యాంపుకు, పది రోజులు,
పదకొండింటికి బండి పంపాను.
భూమయ్య గొణుగుతూనే రెండోసారి పొయ్యి వెలిగించాడు.
ఆ డబ్బాలు తేలిగ్గా వచ్చాయి.
కొన్నింటి అడుగున చెంచా గీసిన గీతలు.

హిలాల్ సార్ చాలాసేపు చూశాడు.
"తగ్గించి ఉంటే ఏమయ్యేది?"
"పాసిన అన్నమే, ఎనభై గ్రాములు తక్కువగా."
ఇంకో బండికి సంతకం పెట్టాడు, మూడు నెలలకు.
ఆ తర్వాత చూద్దామన్నాడు.
'చూద్దాం' కూడా నేను రాసుకోలేని మాటే.

సాయంత్రం భూమయ్య
కడిగిన చేయి తెచ్చి నా బల్లమీద పెట్టాడు.
"నా ఏలు గూడ కొలువు."
స్కేలు పెట్టాను. గోటి నుంచి రెండో కణుపు దాకా
నాలుగు సెంటీమీటర్ల ఎనిమిది.
రాసుకుంటుంటే తెరలోకి తొంగిచూసి
గొంతు తగ్గించి అన్నాడు:
"కొత్త బియ్యమైతే తప్పుతది. గది గూడ రాయి."