వాన కాలమ్

హైదరాబాద్‌లో నా చేతికిచ్చిన ఫారంలో
పదకొండు కాలమ్‌లున్నాయి.
తెర ఉందా, వెలుగుతోందా,
వారానికెన్ని గంటలు, ఏ సబ్జెక్టు,
పిల్లల ఉత్సాహం ఒకటి నుంచి ఐదు దాకా ఎంత.
ఉత్సాహాన్ని కొలవడం ట్రైనింగులో నేర్పారు:
తెర వంక చూస్తే మూడు,
చెయ్యెత్తితే నాలుగు.

అయిజ దాటి ఆటో దిగితే
బడి ప్రహరీ దాకా సీడు పత్తే.
ముందటి సాయంత్రం గిల్లిన మొగ్గల మీద
ఎర్ర కాగితం ముక్కలు.
తొమ్మిదో తరగతి హాజరు పట్టీలో నలభై ఒక్క పేర్లు,
గదిలో పంతొమ్మిది తలలు.
తిమ్మప్ప సారు వేలితో తట్టి
తెరను నిద్రలేపాడు.
గంటలు రాసుకున్నాను. మూడు వేశాను.

పన్నెండో రోజు తెల్లవారుజామునే వాన.
ఆ రోజు గది నిండింది.
వరండాలో గోనె కొప్పెరలు నీళ్ళు కారుస్తుంటే
అంతవరకూ నేను చూడని ఆడపిల్లలు
బల్లకు ఐదుగురు ఇరుక్కుని కూచున్నారు.
కరెంటు లేదు.
నల్లటి తెరలో వాళ్ళ ముఖాలే
వాళ్ళకు మసగ్గా కనిపిస్తున్నాయి.

"వాన పడితే పుప్పొడి తడుస్తాది మేడం.
క్రాసింగుండదు. అందుకే బడికొచ్చినం."
అన్నది జమ్ములమ్మ.
గోళ్ళ సందుల్లో ఇంకా నిన్నటి పసుపు.

ఆ రాత్రి ఫారం అంచున
పెన్సిల్‌తో పన్నెండో గీత గీశాను.
పైన రాశాను: వాన.

ఆగస్టు, సెప్టెంబరు, సగం అక్టోబరు.
పిల్లలొచ్చిన రోజు తెరకు ప్రాణం లేదు,
తెర వెలిగిన రోజు పిల్లలు పత్తిలో.
రెండూ కలిసిన రోజులు
నాలుగు.

ఆ నాలుగింటిలో ఒకటి చెప్పాలి.
పాఠం, పరాగ సంపర్కం.
బొమ్మ తేనెటీగ బొమ్మ పువ్వు మీద వాలింది.
వెనక బల్ల నుంచి కిసుక్కున నవ్వు.
సారు వీడియో ఆపాడు.
"ఎందుకు నవ్వినవే?"
"ఈగ కోసం కూసుంటే
ఆర్గనైజరు ఊకుంటడా సారూ."
జమ్ములమ్మ లేచొచ్చి
ఆగిపోయిన పువ్వు మీద వేలు పెట్టి చెప్పింది,
పొద్దుగూకక ముందు మొగ్గను ఎక్కడ గిల్లాలో,
గోరు లోతుకు దిగితే కాయ ఎట్లా రాలిపోతుందో,
ఒక్క మొగపువ్వును ఎన్ని ఆడపువ్వులకు తాకించొచ్చో,
మధ్యాహ్నం దాటితే ఎందుకు వృథానో.
సారు కిందికొచ్చి ఆమె బల్ల మీద కూచున్నాడు.
పదిహేడు నిమిషాలు.
ఆ పదిహేడూ యంత్రం తన లెక్కలో
వాడకం లేదని రాసుకుంది.
నా ఫారంలో ఐదు మీద అంకె లేదు.

నవంబరులో సమీక్ష. చల్లటి గది, జీడిపప్పు బిస్కెట్లు.
ఒక పెద్దాయన కళ్ళద్దాలు సవరించుకుని
"వానాకాలం తెలుసు గానీ
ఈ వాన కాలమ్ ఏమిటమ్మా?" అన్నారు.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
నవ్వయ్యాక చెప్పాను.
"ఒక్క బడిని చూసి విధానం మారుస్తామా?"
మార్చకూడదు. నేను చదువుకున్నదీ అదే.
మిగతా ముప్పై రెండు బళ్ళలో వాన పడలేదా అంటే
ఏమో. గడి లేదు కనుక
ఎవరూ రాయలేదు.
చాలాసేపు ఎవరూ బిస్కెట్ తీసుకోలేదు.

మినిట్సులోకి ఎక్కింది చివరికి.
వచ్చే ఏటి ఫారంలో పన్నెండో కాలమ్:
వాతావరణం.
పక్కన చిన్నక్షరాల్లో, ఐచ్ఛికం.

ఈ ఆగస్టులో తిమ్మప్ప సారుకు ఫోన్ చేశాను.
కొత్త ఫారం ఇంకా అందలేదట.
ఊళ్ళో ఎవరింట్లోనో మూలపడ్డ ఇన్వర్టరు
అడిగి తెచ్చి బిగించాడట.
అరగంట నిలుస్తుంది, అంతే.
"చాలు మేడం. ఆ అరగంటలో
సగం సేపు ఆపే ఉంచుతా కదా."

జమ్ములమ్మ ఎట్లా ఉందని అడిగాను.
అవతల గాలి చప్పుడు,
ఎక్కడో ట్రాక్టరు.

"ఇయ్యాల ఎండ మేడం" అన్నాడు.