మూడు పేటల తాడు

హామర్‌ఫెస్ట్, నవంబరు ఆఖరు.
సూర్యుడు సెలవు పెట్టి వారమైంది.
ఏడో నంబరు మంచం మీద తూర్లైవ్ మిర్వాంగ్,
డెబ్బై నాలుగేళ్లు, వయసంతా కాడ్ చేపల పడవల మీదే.
గజ్జల్లో హెర్నియా కోసి పదకొండో రోజు.
కుట్లు మేం విప్పాల్సిన నాటికి
గాయమే విప్పుకుంటోంది.

రక్తం కారడం లేదు. ఊరుతోంది,
వాన వెలిసినా ఆరని గోడలో చెమ్మలా.
కట్టు మారిస్తే గంటలో మళ్లీ మరక.

ప్లేట్‌లెట్లు సరిగానే ఉన్నాయి.
గడ్డకట్టే సమయం సరిగానే ఉంది.
కాలేయం కాగితం మీద నిర్దోషి.
సర్జన్ క్వాల్నెస్ ఆ కాగితం తిరగేసి చూసింది,
వెనకవైపు జవాబేమైనా రాసుందేమోనని.

నాది రాత్రి డ్యూటీ.
నా దాకా కాగితాలు రావు, కాళ్లు వస్తాయి.
వేడినీళ్ల గుడ్డతో పిక్కలు తుడుస్తుంటే చూశాను:
వెంట్రుకలు సీసా బిరడా లాగే మరలా మెలి తిరిగి,
ఒక్కో మొదట్లో ఆవగింజంత ఎరుపు.
ఎడమ ముంజేతి మీద పాత మచ్చ,
వించి తీగ తెగి కొట్టిందట, నలభై ఏళ్ల కిందట.
ఈపాటికి తెల్లబడి నిద్రపోవాల్సింది
అంచు తెరిచి, నిన్నటి దెబ్బలా
నన్నే చూస్తోంది.

ఏం తింటారు?
"కాఫీ. తెల్ల రొట్టె. ఉడికించిన చేప."
బంగాళాదుంపలు?
"తొక్క తీయాలిగా. ఈ వేళ్లు వంగవు."
పండ్లు?
"పులుపు వద్దన్నాడు డాక్టరు, కడుపులో పుండని."
ఏ డాక్టరు?
పోయాడట. పదమూడేళ్లయింది.
ఈయన మాత్రం ఆ మాటని
పూటపూటా మింగుతూనే ఉన్నాడు.

పుండు మీద కారం చల్లేవాళ్లని చూశాను గానీ
పులుపు కోసం అలమటించే పుండుని
ఇదే చూడడం.

మంచం అంచున కూర్చుని చెప్పాను:
చర్మం కింద, నెత్తుటి గొట్టాల గోడల్లో
తాళ్లుంటాయి, మూడేసి పేటలవి.
పేటలకి పురి బిగించే చేతికి పేరు సీ విటమిన్.
ఆ చేయి లేకపోతే పేటలు పక్కపక్కనే పడుంటాయి,
ఒకదాన్నొకటి పట్టుకోవు.

ఆయన నన్ను మధ్యలో ఆపాడు.
"పురి ఎటు? కుడికా, ఎడమకా?"

నాకు తెలీదు. క్వాల్నెస్‌ని అడిగాను.
ఆమె ఫోనులో వెతికి చెప్పింది:
పేట ఎడమకి, తాడు కుడికి.
ముసలాయన తలూపాడు.
"అంతేగా మరి. ఎదురెదురు తిప్పకపోతే
ఏ తాడు నిలుస్తుంది?"

నెత్తురు నమూనా విమానమెక్కాల్సింది,
మంచు తుఫానుకి ఆగింది. మేం ఆగలేదు.
అరవై క్రోనర్ల గొట్టంలో బిళ్ల,
గ్లాసులో వేస్తే చిరచిరమని నారింజ నురగ.
వాసన చూసి గ్లాసు పక్కన పెట్టేశాడు.
"పులుపు తినొచ్చని రాసివ్వండి."

క్వాల్నెస్ రాసిచ్చింది. సంతకం, తేదీ, ముద్ర.
మడిచి కళ్లజోడు పెట్టెలో దాచుకున్నాకే
గ్లాసెత్తాడు.

మూడో రోజుకి రొట్టె ముక్క మీద చిగుళ్ల ఎరుపు లేదు.
వారానికి ఊట ఆగింది.
ఆపై గాయం అడుగున, దానిమ్మ గింజల్లా,
ఒకటీ రెండూ.

మానింది మానినట్టే అనుకుంటాం.
కాదట. పాత తాడు విప్పుతూ, కొత్తది పేనుతూ
ఒళ్లు ఆ పని ఏనాడూ ముగించదట.
పేనే చేయి ఆగిన ఏడు
నలభై ఏళ్ల దెబ్బ కూడా తలుపు తడుతుంది.

పొద్దున్నే ఇల్లు చేరాను,
పొద్దు లేకపోయినా.
కోటు విప్పకుండానే చేయి పొత్తికడుపు మీదికెళ్లింది,
మా సునీవాని తీసిన కోత, పద్నాలుగేళ్లది,
బట్ట మీంచి వేలికి సన్నగా తగిలింది.
ఫ్రిజ్ వెలుగులో నిలబడి సగం కివీ తిన్నాను.
రెండో సగం తన డబ్బాలో పెట్టాను.
తినదు, నాకు తెలుసు.
అయినా పెట్టాను.